పరుగుకి బరువు తగ్గించే పని పెట్టకండి

బరువు తగ్గాలని పరుగు మొదలుపెట్టినవాళ్లలో చాలామందికి మూడో వారంలోనో నాలుగో వారంలోనో ఒకే రకం నొప్పి వస్తుంది. మోకాలికీ చీలమండకీ మధ్య ఉండే ముందెముక లోపలి అంచు వెంట, కింది సగంలో. మొదట్లో పరుగు ఎత్తుకోగానే నొచ్చి, పది నిమిషాలకి ఒళ్లు వేడెక్కాక తగ్గిపోతుంది. ఆ తగ్గడం చూసే జనం మోసపోతారు. ఇంకో వారానికి పరుగంతా నొప్పి ఉంటుంది, తర్వాత పరుగు ఆపాక కూడా ఉంటుంది, చివరికి పొద్దున మంచం దిగి నాలుగడుగులు వేస్తేనే తెలుస్తుంది. రన్నర్లు దీన్ని షిన్ స్ప్లింట్స్ అంటారు. డాక్టరు చీటీ మీద మీడియల్ టిబియల్ స్ట్రెస్ సిండ్రోమ్ అని ఉంటుంది.

ఈ నొప్పితో ఉన్న మనిషికి రెండు సలహాలు తప్పకుండా అందుతాయి. "కొత్తల్లో అంతే, ఓర్చుకుంటే అదే అలవాటవుతుంది" అని గ్రౌండులో తోటివాళ్లు. "ఇంత బరువు పెట్టుకుని పరుగేంటి, ముందు తగ్గు, తర్వాత పరిగెత్తుదువుగాని" అని ఇంట్లోవాళ్లు. రెండూ తప్పే అని నా అభిప్రాయం. బరువున్నవాళ్లు పరిగెత్తవచ్చు, వాళ్ల ఎముక కూడా అందరి ఎముకలాగే గట్టిపడుతుంది. అయితే పరుగుని కేలరీలు కరిగించే యంత్రంలా వాడినంతకాలం ఆ ఎముకకి గట్టిపడే వ్యవధి దొరకదు. బరువు తగ్గించే పనిని వంటింటికీ నడకకీ అప్పజెప్పి, పరుగుని పరుగుగా మాత్రమే నేర్చుకున్నవాళ్లకి ఈ నొప్పి చాలావరకు రాదు, వచ్చినా నిలవదు.

ముందు కేలరీల లెక్క చూద్దాం, ఎందుకంటే తప్పు అక్కడే మొదలవుతుంది. చదునైన నేల మీద పరుగుకి అయ్యే ఖర్చు కిలో బరువుకి, కిలోమీటరుకి దాదాపు ఒక కేలరీ. 85 కిలోల మనిషి మూడు కిలోమీటర్లు పరిగెత్తితే 255. ఆ సమయంలో ఊరికే కూర్చున్నా అయ్యే ఖర్చు తీసేస్తే దాదాపు 230. వంట నూనె ఒక పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్లు, 120 కేలరీలు. పొద్దున పడ్డ కష్టమంతా రెండు చెంచాల నూనెకి సరి. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు ఉంటాయి కాబట్టి, ఆ మూడు కిలోమీటర్లూ వారానికి ఐదు రోజులు పరిగెత్తినా, తిండి ఏమాత్రం మారకపోయినా, ఒక కిలో తగ్గడానికి ఆరేడు వారాలు పడుతుంది. పైగా పరుగు చాలామందికి ఆకలి పెంచుతుంది, టిఫిన్ ప్లేటులో అదనంగా రెండు ఇడ్లీలు చేరితే సగం లెక్క అక్కడే కొట్టుకుపోతుంది.

అదే మూడు కిలోమీటర్లలో కాలి మీద పడే లెక్క వేరు. గంటకి 8 కిలోమీటర్ల నిదానమైన పరుగులో కిలోమీటరుకి 1,200 అడుగులు పడతాయి. మొత్తం 3,600, ఒక్కో కాలికి 1,800. పరుగులో ప్రతి అడుగుకీ నేల నుంచి తిరిగి తగిలే బలం శరీర బరువుకి రెండు నుంచి మూడు రెట్లు ఉంటుంది. 85 కిలోల మనిషికి తక్కువలో తక్కువ 170 కిలోలు. పిక్క కండరాలు ఎముకని పట్టి లాగే బలం దీనికి అదనం. ఆ దెబ్బకి ముందెముక ప్రతిసారీ కంటికి కనబడనంత కొద్దిగా వంగి లేస్తుంది. పిక్క కండరం ఆ వంపుని కొంత ఆపుతుంది, అలిసిపోతే ఆపలేదు. నొప్పి చాలాసార్లు పరుగు చివరి భాగంలోనో, వరసగా మూడో రోజునో ముదరడానికి కారణం ఇదే.

నడకలో ఆ బలం శరీర బరువు కంటే కాస్త ఎక్కువ, అంతే. 85 కిలోల మనిషి 55 నిమిషాల్లో ఐదు కిలోమీటర్లు చకచకా నడిస్తే కూర్చున్న ఖర్చు పోను 250 కేలరీలు అవుతాయి, మూడు కిలోమీటర్ల పరుగుతో సమానం. తేడా అరగంట సమయం. ఆ అరగంట మిగుల్చుకుందామనే చాలామంది ముందెముకని పణంగా పెడుతున్నారు. ఆరు వారాలు కాలు పట్టుకుని కూర్చుంటే ఎన్ని అరగంటలు పోతాయో వాళ్లు లెక్క వేయరు.

మూడో వారంలోనే ఎందుకు వస్తుందన్నది తెలుసుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. ఎముక తనని తాను మరమ్మతు చేసుకుంటూనే ఉంటుంది. కొత్త భారం పడినప్పుడు, పాత ఎముకని కొంత తొలిచి తీసి, ఆ చోట కొత్తది కడుతుంది. తొలిచే పనికి రెండు మూడు వారాలు, కట్టే పనికి దాదాపు మూడు నెలలు. మునిసిపాలిటీవాళ్లు రోడ్డు బాగుచేసే పద్ధతే ఇది: పాత తారు ముందు చెక్కేస్తారు, కొత్తది వేసేదాకా బళ్లన్నీ ఆ గీరిన రోడ్డు మీదే తిరుగుతాయి. అంటే కొత్తగా పరుగు మొదలుపెట్టిన మనిషి ముందెముక మూడు, నాలుగు, ఐదు వారాల్లో మొదటి రోజు కంటే బలహీనంగా ఉంటుంది. ఊపిరి మాత్రం ఈలోపే సర్దుకుంటుంది. మొదటి వారం రెండు నిమిషాలకే ఆయాసపడ్డ మనిషి మూడో వారానికి పదిహేను నిమిషాలు ఆగకుండా పరిగెత్తగలడు. ఊపిరి బాగుంది కదా అని దూరం, వేగం రెండూ పెంచేది సరిగ్గా ఎముక బలం తగ్గి ఉన్న ఆ వారాల్లోనే.

బరువున్నవాళ్లు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ఏళ్ల తరబడి ఆ బరువు మోసిన ఎముక నడకకి తగ్గట్టు గట్టిగానే ఉంటుంది. పరుగు దానికి కొత్త. అందుకే "నా కాళ్లు బలంగానే ఉన్నాయి" అన్న నమ్మకం నిజమే అయినా పరుగు దగ్గర పనికిరాదు.

ఇక నొప్పి ఎలాంటిదో తేల్చుకోవడం. దీనికి స్కానింగు కంటే ముందు మీ బొటనవేలు చాలు. కుర్చీలో కూర్చుని, నొప్పి ఉన్న కాలి చీలమండని రెండో మోకాలి మీద పెట్టుకోండి. లోపలి చీలమండ గుబ్బకి నాలుగు వేళ్ల పైన, ముందెముక లోపలి అంచు చేతికి తగులుతుంది. ఎముకా పిక్క కండరమూ కలిసే గీత అది. అక్కడ బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. ఒక సెంటీమీటరు పైకి జరిపి మళ్లీ నొక్కండి. అలా మోకాలి దిశగా సగం దాకా వెళ్లండి. రెండో కాలు కూడా అలాగే చూడండి, మామూలుగా ఎంత నొస్తుందో తెలియాలి కదా. నొప్పి ఐదు సెంటీమీటర్లు, అంటే దాదాపు మూడు వేళ్ల వెడల్పు, లేదా అంతకంటే ఎక్కువ పొడవునా పరుచుకుని ఉంటే అది షిన్ స్ప్లింట్స్ తీరు. రూపాయి బిళ్లంత చోట మాత్రమే, నొక్కితే కాలు వెనక్కి లాక్కునేంత నొప్పి ఉంటే ఎముకలో సన్నని పగులు, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్, అని అనుమానించాలి. రాత్రి పడుకున్నాక సలుపు, ఒంటికాలి మీద ఒక్క గెంతు కూడా వేయలేకపోవడం అదే అనుమానాన్ని పెంచుతాయి. ఇలా ఒక్క చుక్క దగ్గరే నొప్పి, అంటే చుక్క నొప్పి, ఉన్నవాళ్లు గెంతి చూడొద్దు, నేరుగా ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆ నొప్పి ఎముక ముందు వైపు, నడిమధ్యలో ఉంటే ఇంకా తొందరపడాలి, అక్కడి పగులు మానడం చాలా ఆలస్యం. మొదటి రెండు మూడు వారాల్లో ఇలాంటి పగులు ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడదు. "ఎక్స్‌రే బాగుంది, పరిగెత్తొచ్చు" అని మీకు మీరే తేల్చుకోకండి. అనుమానం గట్టిగా ఉంటే ఎంఆర్‌ఐ చూపిస్తుంది.

నొప్పి ఎముకకి బయటి వైపు కండలో ఉంటే అది పాదాన్ని పైకి లేపే కండరం అలసట. అడుగు మరీ ముందుకు వేసేవాళ్లకీ, దిగుడు రోడ్డు మీద పరిగెత్తేవాళ్లకీ, ఉన్నట్టుండి వేగంగా నడవడం మొదలుపెట్టినవాళ్లకీ వస్తుంది, త్వరగానే తగ్గుతుంది. పరుగెత్తిన ప్రతిసారీ ఇంచుమించు అదే నిమిషానికి పిక్క రాయిలా బిగుసుకుని, పాదం తిమ్మిరెక్కి, ఆపిన కాసేపటికి మామూలైతే అది వేరే జబ్బు, కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. ఒకే పిక్క వాచి, వేడిగా, పరుగుతో సంబంధం లేకుండా నొస్తుంటే, ముఖ్యంగా దూర ప్రయాణం చేసొచ్చాక, రక్తం గడ్డకట్టిందేమో చూపించుకోవాలి, ఆ రోజే. షుగరు చాలా ఏళ్లుగా ఉండి కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు నొప్పిని బట్టి ఏదీ తేల్చుకోలేరు, పరుగు మొదలుపెట్టే ముందే డాక్టరుతో మాట్లాడాలి.

ఇప్పుడు తిండి సంగతి. ఈ నొప్పి గురించి మాట్లాడేవాళ్లు బూట్ల గురించి గంట మాట్లాడి తిండిని వదిలేస్తారు. బరువు తగ్గాలనుకునేవాళ్ల విషయంలో సగం కథ ఇక్కడే ఉంది. రాత్రి భోజనం మానేసి ఒక గ్లాసు జావ తాగడం, పొద్దున ఐదింటికి ఖాళీ కడుపుతో పరుగు, మళ్లీ పదకొండు దాకా ఏమీ తినకపోవడం. ఇలా నడుస్తున్న ఒంటికి రోజువారీ పనులకే శక్తి చాలదు. చాలనప్పుడు శరీరం వెంటనే అవసరం లేదనుకున్న పనులకి కోత పెడుతుంది. కొత్త ఎముక కట్టడం అందులో ఒకటి, నెలసరి ఇంకొకటి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. ఆటగాళ్ల కోసం పెట్టిన పేరే గానీ, శక్తి చాలకపోవడం బరువున్న మనిషికీ జరుగుతుంది. ఒంట్లో కొవ్వు నిల్వ ఉంది కదా, ఎముకకి అది సరిపోదా అనుకుంటాం. రోజూ లోటు మరీ ఎక్కువైతే నిల్వ ఉన్నా కోత తప్పదు. పరుగూ డైటూ మొదలుపెట్టాక నెలసరి తప్పిన ఆడవాళ్లు షిన్ నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు. పరుగు ఆపి, గైనకాలజిస్టుని కలవండి. నెలసరి క్రమం తప్పే పీసీఓఎస్ సమస్య ఉన్నవాళ్లు తమకి మామూలుగా వచ్చే వ్యవధితో పోల్చి చూసుకోవాలి.

పరుగు లేకుండా నడక మాత్రమే చేస్తున్న రోజుల్లో రోజుకి 500 కేలరీల లోటు పెట్టుకోవచ్చు, వారానికి అర కిలో లెక్క. కింద చెప్పబోయే, పరుగు ఎక్కించే పన్నెండు వారాల్లో 300 దాటనివ్వకండి. ఆ 300 కోసం అన్నం మానాల్సిన పనిలేదు. రోజూ నాలుగు పెద్ద చెంచాల నూనె వాడకం రెండుకి తెస్తే 240, మూడు కప్పుల టీలో రెండేసి చిన్న చెంచాల పంచదారని ఒక్కోటికి తగ్గిస్తే 60. అన్నం ముట్టుకోకుండానే 300.

మాంసకృత్తులు చేరాలనుకుంటున్న బరువుకి కిలోకి ఒకటిన్నర గ్రాముల చొప్పున చూసుకోండి. 70 కిలోలకి చేరాలంటే 105 గ్రాములు. మన పళ్లెంలో పప్పు చాలనుకుంటాం గానీ, 30 గ్రాముల కందిపప్పులో ఏడు గ్రాములకి మించి ఉండదు. గుడ్డుకి ఆరు, వండిన చికెన్ వంద గ్రాములకి 27 దాకా, 30 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌కి 15. శాకాహారులు మీల్‌మేకర్, పెరుగు, పనీరు మీద ఆధారపడక తప్పదు. కాల్షియం పెద్దవాళ్లకి రోజుకి 1,000 మిల్లీగ్రాములని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చెబుతోంది. పావు లీటరు పాలలో దాదాపు 300, యాభై గ్రాముల రాగిపిండిలో 180. రాగి సంగటి, పెరుగు, చెంచా నువ్వుల పొడి ఉన్న ఇంట్లో మాత్రల అవసరం పెద్దగా రాదు. విటమిన్ డి సంగతి వేరు. చీకటితో పరుగు, పగలంతా ఆఫీసు, ఇక ఎండ తగిలేదెప్పుడు? రక్త పరీక్షలో మిల్లీలీటరుకి 20 నానోగ్రాముల కంటే తక్కువ వస్తే డాక్టరు చెప్పిన మోతాదులో వాడండి. వారానికొకటి వేసుకోవాల్సిన 60,000 యూనిట్ల పొడిని రోజూ తాగేవాళ్లున్నారు, అది ప్రమాదం.

నొప్పి వచ్చాక ఏం చేయాలి? మొదట పరుగు ఆపాలి. తగ్గించి చూద్దామనే బేరం పొద్దున లేవగానే నొస్తున్నవాళ్లకి కుదరదు. నొప్పి లేకుండా నడవగలిగినంత నడవండి, మిగతా సమయం సైకిల్ తొక్కండి, ఈత వస్తే ఈదండి. పరుగు మానేశాం కదా అని తాడాట మొదలుపెట్టేవాళ్లని చూస్తే బాధేస్తుంది. వెయ్యి గెంతులంటే ముందెముకకి వెయ్యి దెబ్బలే. జుంబా, బర్పీలు, మెట్లు దూకుతూ దిగడం కూడా ఆ ఖాతాలోకే వస్తాయి. ట్రెడ్‌మిల్ మీద వాలు పెంచి నడవడం మంచి ఉపాయం: గంటకి ఐదు కిలోమీటర్ల నడకకి ఆరు శాతం వాలు కలిపితే నడకకయ్యే అదనపు ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది. కాకపోతే పిక్క మీద భారం పెరుగుతుంది కనుక మొదట మూడు శాతంతో సరిపెట్టుకోండి.

ఐసు పది పదిహేను నిమిషాలు, గుడ్డ చుట్టి, హాయిగా ఉంటే పెట్టుకోండి. ఎముకని బాగుచేసేది అది కాదు. నొప్పి మాత్ర వేసుకుని పరుగుకి వెళ్లడం మాత్రం వద్దు. ఎక్కడ ఆపాలో చెప్పేది ఆ నొప్పి ఒక్కటే, దాని నోరు నొక్కితే చుక్క నొప్పి దాకా తెలియదు. బీపీ, షుగరు, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్లకి ఆ మాత్రలతో వేరే తంటాలూ ఉన్నాయి.

అరగంట చకచకా నడిచినా నొప్పి లేకుండా వరసగా ఏడు రోజులు గడిస్తే, బొటనవేలితో నొక్కినప్పుడు బాధ సగానికి సగం తగ్గి ఉంటే, ఒంటికాలి మీద పది గెంతులు నొప్పి లేకుండా పడితే, అప్పుడు పరుగు. ఇక్కడికి రావడానికి మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు. రోజు విడిచి రోజు, వారానికి మూడు సార్లే. ఐదు నిమిషాలు నడిచి, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఆరు చుట్లు. అంటే మొదటి రోజు మొత్తం పరుగు ఆరు నిమిషాలే. రెండో వారం ఎనిమిది చుట్లు. మూడో వారం రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక, ఐదు చుట్లు. నాలుగో వారం వెనక్కి తగ్గి మళ్లీ ఆరు నిమిషాలే పరిగెత్తండి, ఎంత బాగున్నా సరే. ఎముక తొలిచే పని ముగిసి కట్టే పని మొదలయ్యేది ఈ వారాల్లోనే కాబట్టి ఆ విరామం కావాలి. ఐదో వారం మూడు నిమిషాల చొప్పున ఐదు చుట్లు, ఆరో వారం నాలుగేసి నిమిషాలు నాలుగు చుట్లు, ఏడో వారం ఐదేసి నిమిషాలు నాలుగు చుట్లు, ఎనిమిదో వారం మళ్లీ సగానికి. అక్కడి నుంచి పన్నెండో వారానికి అరగంట పరుగు అందుతుంది. కిలోమీటర్లు కొలవకండి, నిమిషాలే కొలవండి. కిలోమీటర్లు కొలిస్తే వేగం తెలియకుండానే పెరుగుతుంది.

వారానికి పది శాతం పెంచాలన్న సూత్రం అందరూ చెబుతారు. నెదర్లాండ్స్‌లో కొత్త రన్నర్ల మీద చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ సూత్రంతో 13 వారాలు పెంచినవాళ్లకీ, 8 వారాల మామూలు ప్రణాళిక పాటించినవాళ్లకీ గాయాలు ఒకేలా వచ్చాయి, ఐదుగురిలో ఒకరికి చొప్పున. సూత్రం కంటే మీ కాలు మర్నాడు పొద్దున ఏం చెబుతుందో చూసుకోవడం మేలు. నొప్పిని సున్నా నుంచి పది దాకా కొలుచుకుంటే, పరుగులో రెండు దాకా ఉండి మర్నాటికి పోతే అదే మెట్టు మీద కొనసాగండి. మూడు దాటినా, పరిగెత్తేకొద్దీ పెరుగుతున్నా, పొద్దున మెట్లు దిగేటప్పుడు తెలుస్తున్నా, ఒక మెట్టు కిందికి.

వ్యాయామాల విషయంలో ఉన్నదున్నట్టు చెప్పాలి. నెదర్లాండ్స్‌లోనే 2012లో ఇంకో అధ్యయనం వచ్చింది. షిన్ స్ప్లింట్స్ ఉన్నవాళ్లని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి మెల్లగా పెంచే పరుగు మాత్రమే, రెండో గుంపుకి దానితోపాటు పిక్క వ్యాయామాలు, మూడో గుంపుకి ఆ పరుగుతోపాటు బిగుతు సాక్సులు. కోలుకునే సమయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, మూడు గుంపులకీ సగటున వంద రోజుల పైనే పట్టింది. అందుకని సాక్సులూ టేపులూ కొనడానికి ఉరకకండి. పిక్క వ్యాయామాలు మాత్రం నేను చేయమనే అంటాను. అలిసిన పిక్క ఎముక వంపుని ఆపలేదని పైన చెప్పుకున్నాం, బలమైన పిక్క అలిసిపోవడానికి ఎక్కువ సేపు పడుతుంది. గోడకి చేయి ఆన్చి, రెండు మడమలూ లేపి, పైన ఒక క్షణం ఆగి, మూడు అంకెలు లెక్కపెడుతూ దింపండి. పదిహేను చొప్పున మూడు సెట్లు. అది తేలికయ్యాక ఒంటికాలితో. ఆగకుండా ఒంటికాలి మీద 25 రావడం లక్ష్యం. బరువున్నవాళ్లకి మొదట ఎనిమిది కూడా రాకపోవచ్చు, రెండు మూడు నెలలు పడుతుంది. దీనికి జతగా, కుర్చీలో కూర్చుని తొడల మీద మోకాళ్ల దగ్గర పది కిలోల బియ్యం బస్తా పెట్టుకుని మడమలు లేపండి. మోకాలు వంచి చేసినప్పుడు పిక్క లోపలి పొర కండరం, సోలియస్, మీదే ఎక్కువ పని పడుతుంది. ముందెముకని వంగకుండా పట్టి ఉంచడంలో దానిదే ఎక్కువ పని. తుంటి కండరాలకి ఒక పక్కకి పడుకుని పై కాలు లేపడం, వెల్లకిలా పడుకుని నడుము ఎత్తడం చాలు. ఇవన్నీ పరుగు రోజునే, పరుగు అయ్యాక చేయండి. మధ్య రోజు నిజంగా విశ్రాంతిగా ఉండాలి.

పరిగెత్తే తీరులో ఒక్కటి మార్చుకుంటే చాలు, మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. అడుగు చిన్నది చేయండి. కుడికాలు నేలకి తగలడాన్ని అర నిమిషం లెక్కపెట్టండి. 38 వస్తే నిమిషానికి 152 అడుగులు. అదే వేగంలో దాన్ని 160 నుంచి 165కి తెస్తే, పాదం మోకాలికి మరీ ముందుగా పడదు, ఒక్కో అడుగు దెబ్బ తగ్గుతుంది. రెండు పాదాలూ ఒకే గీత మీద పడుతుంటే కాస్త ఎడం చేయండి, ఆ దాటుడు అడుగు ముందెముక మీద ఒత్తిడి పెంచుతుంది. వేగం ఎంతంటే, పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత.

బూట్లు నడక బూట్లో కాన్వాసో కాకుండా పరుగు బూట్లయితే చాలు, ఐదు నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లకి మార్చాలి, బరువున్నవాళ్లు ముందే. పాదం వంపు పూర్తిగా పడిపోయినవాళ్లు రెడీమేడ్ ఇన్‌సోల్ వాడి చూడవచ్చు. నేల విషయంలో, విశాఖ బీచ్‌లో తడి ఇసుక మెత్తగా ఉంది కదా అని అక్కడికి మారేవాళ్లున్నారు. సముద్రం వైపు వాలు వల్ల ఒక కాలు ఎప్పుడూ కిందే పడుతుంది, పొడి ఇసుక పిక్కని ఇంకా ఎక్కువ అలిసేలా చేస్తుంది. నొప్పి ఉన్నంతకాలం పక్కనున్న రోడ్డే నయం. జూబ్లీహిల్స్ లాంటి చోట ఎక్కేటప్పుడు పరిగెత్తినా దిగేటప్పుడు నడవండి. అమెరికాలో చలికాలమంతా ట్రెడ్‌మిల్ మీద గడిపేవాళ్లు మార్చిలో బయటికి వచ్చాక మొదటి మూడు వారాలు సగం నిమిషాలతో మొదలుపెట్టాలి.

కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్న కుర్రాళ్ల పరిస్థితి వేరు. 1,600 మీటర్ల పరుగు తేదీ దగ్గర పడుతుంటుంది, అదే సమయంలో ఎనిమిది కిలోలు తగ్గాలని కూడా చూస్తారు. వాళ్లకి నేను చెప్పేది, పరీక్షకి ఆరు వారాలుందనగా బరువు తగ్గించే డైటు పూర్తిగా ఆపేయమని. కడుపునిండా తిని, వారానికి రెండు రోజులు మాత్రమే గట్టిగా పరిగెత్తి, మిగతా ఊపిరి పనంతా సైకిల్ మీద చేస్తే కాలు నిలబడుతుంది. చుక్క నొప్పి ఉన్నవాళ్లకి ఈ సలహా వర్తించదు, వాళ్లు ముందు ఎముక చూపించుకోవాలి.

ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 87 కిలోలు దాటి ఉంటే, అంటే ఎత్తుని బట్టి బరువు చూసే బీఎంఐ లెక్క 30 పైన, నొప్పి లేకపోయినా పరుగుకి ముందు ఆరు నుంచి ఎనిమిది వారాలు నడకే చేయండి, వారానికి ఐదు రోజులు, 45 నిమిషాల దాకా. ఆ తర్వాత పైన చెప్పిన పన్నెండు వారాలు. అరగంట పరుగు అందాక మొదట సమయం పెంచండి, తర్వాత ఇంకో రోజు కలపండి, వేగం అన్నిటికంటే చివర. ఒక మార్పుకీ ఇంకో మార్పుకీ మధ్య రెండు వారాలు ఉండాలి. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ జరుగుతుంది, అందులో 10 కిలోమీటర్ల పరుగూ ఉంటుంది. దానికి పేరు ఇవ్వాలనుకునే బరువున్న మనిషి ఈ లెక్కన జనవరిలో నడక మొదలుపెట్టాలి. ఏప్రిల్‌లోనో మేలోనో మొదలుపెట్టినవాళ్లు ఆ ఏడాదికి 5 కిలోమీటర్లకి పేరు ఇచ్చి, అందులోనూ నడక కలుపుకుని వెళ్లండి.